పాత బండికి కొత్త క్లచ్ వేయాలా, వద్దా?



వార్షికోత్సవ సంచికకు పరీక్షలకు పనికివచ్చే పాఠం ఏదైనా రాసి పంపమని అడిగారు. మేము ఎం.కాం. చదువుతున్నాము కనుక తరుగుదల గురించో, వ్యయాల గురించో రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. ఆ పాఠమే రాస్తున్నాము. కాకపోతే పుస్తకంలో "ఒక యంత్రం ఖరీదు రూ. 1,00,000" అని ఉండేచోట ఇక్కడ ఒక మారుతీ ఓమ్నీ వ్యాను ఉంటుంది. మన హాస్టల్లో చదివి వెళ్లినవారిలో ఉద్యోగాలు వచ్చినవారు ఉన్నారు, ఆటో, టాక్సీ, వ్యాను పెట్టుకొని ఇల్లు నడుపుతున్నవారూ ఉన్నారు. "ఈ పాత బండికి ఇంకా డబ్బు పెట్టాలా?" అనే ప్రశ్న ఏదో ఒక రోజు వారందరి ఇంటికీ వస్తుంది. మా ఇంటికి 2024 డిసెంబరులో వచ్చింది.

ముందుగా సంగతి చెబుతాము. మా అన్నయ్య రెడీమేడ్ బట్టల వ్యాపారి. వ్యాపారి అంటే షాపు లేదు, వారపు సంతలే షాపు. చోడవరం వైపు నుంచి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు ఏజెన్సీ సంతలకు వారానికి మూడుసార్లు మూటలు వేసుకొని వెళతాడు. 2012 మోడల్ ఓమ్నీని 2018లో సెకండ్ హ్యాండులో రూ. 1,45,000కు కొన్నాడు. డిసెంబరు నాటికి మీటరు 1,87,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఇంట్లో డిగ్రీ దాటినవాళ్లం మేమే మొదలు. ఆ డిగ్రీ ఫీజుల్లోనూ, మెస్ చార్జీలు పోను మిగతా ఖర్చుల్లోనూ ఆ వ్యాను చక్రాల అరుగుదల ఎంతో కొంత ఉంది. అందుకని ఈ లెక్క వేసేటప్పుడు పెన్ను కొంచెం జాగ్రత్తగానే పట్టుకున్నాము.

సంక్రాంతికి నెల రోజులుంది. బట్టలవాళ్లకు ఏడాది మొత్తంలో అదే సీజను. హోల్‌సేల్ సరుకు కోసం చేతిలో దాచుకున్నది రూ. 18,000. సరిగ్గా అప్పుడే ఘాట్ మీద యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. ఏదో కాలిన వాసన. "క్లచ్ పోయింది" అన్నారు చూసినవారందరూ. బండి బేరగాడు ఒకడు వచ్చి ఉన్నపళంగా రూ. 48,000 ఇస్తానన్నాడు. నాన్న అమ్మేద్దామన్నాడు. "పాత బండికి పెట్టిన డబ్బు ఇసకలో పోసిన నీళ్లురా" అని ఆయన మాట. అన్నయ్య వద్దన్నాడు, కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోయాడు.

క్లచ్ అంటే ఏమిటి?

ఎం.పి.సి. చదివే తమ్ముళ్లకు ఇది తేలికే. ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, ఆగితే మళ్లీ స్టార్టు చేసుకోవాలి. చక్రాలు మాత్రం ఆగాలి, కదలాలి, గేరు మారాలి. ఈ రెంటినీ కలిపేదీ, విడదీసేదీ క్లచ్. ఇంజను వెనుక ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఆనుకొని, రెండు వైపులా లైనింగు అంటించిన పళ్లెం లాంటి క్లచ్ ప్లేటు ఉంటుంది. దాని వెనుక స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటు ఉంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఆ స్ప్రింగును అణిచి పట్టును వదిలిస్తుంది. పెడల్ వదిలితే మళ్లీ పట్టు పడుతుంది.

ఆ పట్టు ఎంత అనేది ఇంటర్ ఫిజిక్సులోని ఘర్షణ పాఠమే. ప్లేటుకు రెండు ముఖాలు కనుక:

టార్క్ = 2 × ఘర్షణ గుణకం × నొక్కే బలం × సగటు వ్యాసార్ధం

లెక్క కోసం ఘర్షణ గుణకం 0.35, నొక్కే బలం 2,000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.07 మీటర్లు అనుకుందాం. క్లచ్ మోయగలిగింది 98 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఓమ్నీలోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ఇచ్చేది సుమారు 60. అంటే క్లచ్‌కు కావలసిన దానికన్నా ఎక్కువ బలమే ఉంది. ఇప్పుడు అదే లెక్కలో నొక్కే బలం 1,200కు పడిపోయిందనుకోండి, టార్క్ 58.8 అవుతుంది. ఇంజను ఇచ్చే 60ని మోయలేదు కనుక జారుతుంది. లేదా ప్లేటు మీద ఆయిల్ పడి ఘర్షణ గుణకం సగమైందనుకోండి, 49 అవుతుంది, అప్పుడూ జారుతుంది. బయటికి కనిపించే లక్షణం రెండింటికీ ఒకటే, కారణాలు వేరు. వైద్యం కూడా వేరు. ఈ తేడా తెలియకుండా డబ్బు పెడితేనే నాన్న చెప్పిన ఇసక సామెత నిజమవుతుంది.

నొక్కే బలం ఎందుకు తగ్గుతుంది? ఓమ్నీ, ఆల్టో వంటి బళ్లలో పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య కేబుల్ ఉంటుంది. పెడల్ మొదట్లో కొద్ది దూరం వదులుగా, ఏ బరువూ లేకుండా దిగాలి. దానినే ఫ్రీ ప్లే అంటారు. ప్లేటు అరిగి పల్చబడే కొద్దీ స్ప్రింగు వేళ్లు బేరింగు వైపు జరుగుతాయి, ఆ వదులు తగ్గిపోతుంది. పూర్తిగా పోయిందంటే, పెడల్ మీద కాలు లేకపోయినా ఎవరో సగం తొక్కి పట్టుకున్నట్టే. కేబుల్ చివర నట్టు తిప్పి ఆ వదులు మళ్లీ తెస్తే చాలాసార్లు జారడం ఆగిపోతుంది. దానికి పైసా ఖర్చు లేదు. అందుకే ఎవరైనా "క్లచ్ పోయింది, మార్చాలి" అనగానే, "నట్టు ఎంతవరకు వచ్చింది?" అని అడగండి. మా బండికి అన్నయ్య ఆ నట్టును ఏడాదిలో రెండుసార్లు తిప్పించాడు. డిసెంబరు నాటికి మరలు అయిపోయి నట్టు చివరికి వచ్చేసింది. ప్లేటు అరిగిందనడానికి అది మంచి సాక్ష్యం.

మేస్త్రి చేసిన పరీక్ష ఇంకొకటి ఉంది. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ముందు ఎవరూ నిలబడకుండా చూసి, ఇంజను స్టార్టు చేసి టాప్ గేరు వేయాలి. కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోందని అర్థం. ఒక్కసారి చేస్తే చాలు. సరదా కోసం నాలుగుసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

ఎందుకు కాలుతుందో ఒక చిన్న లెక్క. 50 న్యూటన్ మీటర్ల టార్క్ మీద, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నిమిషానికి 500 చుట్ల తేడాతో క్లచ్ జారుతోందనుకుందాం. సెకనుకు దాదాపు 52 రేడియన్లు. రెండూ గుణిస్తే 2,600 వాట్లు. మనం వార్డెన్ గారికి తెలియకుండా బకెట్లో పెట్టే నీళ్ల హీటరు 1,000 వాట్లది అయితే, అలాంటివి రెండున్నర హీటర్లు మూత పెట్టిన డబ్బాలో వెలుగుతున్నట్టు లెక్క. ఘాట్ మీద "హాఫ్ క్లచ్" తో బండిని నిలబెట్టే డ్రైవర్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఎత్తులో బండి ఆపితే హ్యాండ్ బ్రేకు వేయండి.

శబ్దాలు కూడా కొంత చెబుతాయి. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గీర శబ్దం వస్తే ముందు రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కితే ఆగి, వదిలితే వచ్చే శబ్దమైతే గేర్‌బాక్సు లోపలి బేరింగు కావచ్చు. అది పెద్ద ఖర్చు. మా బండికి రెండోది లేదు. ఈ నిర్ణయంలో అది చాలా ముఖ్యమైన సంగతి.

రెండు ఎస్టిమేట్లు

ఒక మేస్త్రి ప్లేటు ఒక్కటే మారుస్తానన్నాడు. ప్లేటు రూ. 1,400, మజూరీ రూ. 1,800, మొత్తం రూ. 3,200. ఇంకొక మేస్త్రి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ సెట్టుగా రూ. 3,700, ఫ్లైవీల్‌ను లేత్ మీద పట్టించడానికి రూ. 500, ఇంజను వెనుక ఆయిల్ సీలు రూ. 350, గేర్ ఆయిల్ రూ. 550, మజూరీ రూ. 1,800, మొత్తం రూ. 6,900 అన్నాడు. తేడా రూ. 3,700. సరుకు కొనాల్సిన సమయంలో అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడ గమనించవలసింది మజూరీ. రెంటిలోనూ అది ఒకటే. ఎందుకంటే క్లచ్ దగ్గరికి చేరాలంటే గేర్‌బాక్సు దించాలి, పని అంతా అదే. ఒకసారి దించాక లోపల ఆరు వందల రూపాయల బేరింగు పాతదే వదిలేస్తే, అది ఏడాదికి పోతే మళ్లీ రూ. 1,800 మజూరీ, పైగా ఒక సంత పోతుంది. ఆయిల్ సీలు సంగతి ఇంకా ఘోరం. అది కారుతూ ఉంటే కొత్త ప్లేటు మీద ఆయిల్ పడి, పైన చెప్పిన 49 న్యూటన్ మీటర్ల లెక్క నెల రోజుల్లోనే నిజమవుతుంది. "అన్నా, బండి విప్పాక మాకు చూపించకుండా మళ్లీ బిగించొద్దు" అని రెండో మేస్త్రిని అడిగాము. "రండి బాబూ, మీరే చూసుకోండి" అన్నాడు. అలా అన్నవాడికే పని ఇవ్వాలని మా అభిప్రాయం.

తరుగుదల లెక్క ఇక్కడ పనికిరాదు

ఇక కామర్స్ తమ్ముళ్ల వంతు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏటా 20 శాతం చొప్పున వేస్తే, రూ. 1,45,000 వ్యాను ఆరేళ్లకు పుస్తక విలువ సుమారు రూ. 38,000. బేరగాడు ఇస్తానన్నది రూ. 48,000. "38 వేల బండికి 7 వేల క్లచ్ ఏమిటి?" అని అడిగినవారే ఎక్కువ. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ప్రశ్నలోనే తికమక ఉంది. 2018లో పెట్టిన 1,45,000 మునిగిన వ్యయం. క్లచ్ వేయించినా వేయించకపోయినా అది తిరిగి రాదు. పుస్తక విలువ దాని నీడ మాత్రమే. ఈ రోజు ఖర్చు పెట్టే 6,900ని పోల్చవలసింది ఈ రోజు తర్వాత వచ్చేవాటితో.

అన్నయ్య దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. పదో తరగతితో చదువు ఆపినా, బండి కొన్న రోజు నుంచి పెట్రోలు, పంక్చరు, టీ ఖర్చుతో సహా అందులో రాస్తాడు. మేము ఎం.కాం.లో చూసిన ఏ ప్రాబ్లం కన్నా ఆ పుస్తకం బాగుంది. దాని ప్రకారం సంతకు పెట్రోలు రూ. 700, నెలకు పన్నెండు సంతలకు రూ. 8,400. గత రెండేళ్ల రిపేర్లు రూ. 33,600, అంటే నెలకు రూ. 1,400. ఇన్సూరెన్సు, చిల్లర కలిపి నెలకు రూ. 500. మొత్తం రూ. 10,300. వ్యాను అమ్మేసి అద్దె బండి మాట్లాడుకుంటే సంతకు రూ. 1,600, నెలకు రూ. 19,200. తేడా నెలకు రూ. 8,900. అంటే క్లచ్ ఖర్చు ఒక నెల తిరగకుండానే వచ్చేస్తుంది.

ఇంత తేలికగా తేలితే ఇక వ్యాసం ఎందుకు? నాన్న నోట్‌బుక్ అడిగి తీసుకొని ఒక మాట అన్నాడు. "మొదటి ఏడు 11,200 అయింది, రెండో ఏడు 22,400 అయింది. రెట్టింపు. వచ్చే ఏడు ఎంతవుతుంది?" ఇది చాలా సరైన ప్రశ్న. పాత బండి విషయంలో సగటు కన్నా ఖర్చు ఎటు పోతోందన్నదే ముఖ్యం. అందుకని రెండో ఏడు ఖర్చులను విడదీసి చూశాము. అందులో నాలుగు టైర్లు రూ. 10,400, బ్యాటరీ రూ. 4,100. ఇవి కొన్నేళ్లపాటు వచ్చేవి. అవి తీసేస్తే మిగిలింది రూ. 7,900. మొదటి ఏడు కన్నా తక్కువే. క్లచ్ కూడా టైర్ల జాతిదే, అరగడం కోసమే పుట్టిన భాగం. అది అరిగినంత మాత్రాన బండి ముసలిదైపోయిందని అనలేము. ఇంజను ఆయిల్ తాగుతున్నా, బాడీ చిల్లులు పడుతున్నా అప్పుడు అనాలి.

అందుకే గేర్‌బాక్సు దించకముందే ఒక పూట ఆ రెండూ చూశాము. ఆయిల్ పుల్లతో కొలిస్తే సర్వీసుకూ సర్వీసుకూ మధ్య పెద్దగా తగ్గలేదు. సైలెన్సర్ నుంచి నీలి పొగ లేదు. బండి కింద పడుకొని జాకీ పెట్టే చోట్లు, చక్రాల దగ్గరి అడుగు భాగం స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశాము. ఓమ్నీకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బలం. పై పై తుప్పు ఉంది కానీ స్క్రూడ్రైవర్ దిగలేదు. దిగి ఉంటే అదే రోజు బేరగాడికి ఫోను చేసేవాళ్లం. బ్రేకులు కూడా చూపించాము. ఘాట్ దిగే బండికి బ్రేకు పని, క్లచ్ పని రెండూ ఉండి డబ్బు ఒకదానికే సరిపోతే, ముందు బ్రేకుకే పెట్టాలి. దీనిలో లెక్క ఏమీ లేదు. క్లచ్ బాగా జారే బండికి దిగుడులో ఇంజను పట్టు కూడా నమ్మకంగా దొరకదు కనుక, "ఈ సీజను ఇలాగే లాగేద్దాం" అనే మూడో ఆలోచనను మొదటే కొట్టేశాము.

కాగితాలు కూడా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండి తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి రూ. 600 ఉన్నది రూ. 5,000 అయింది. తర్వాత కూడా మార్పులు వస్తున్నాయి కనుక కట్టే ముందు రవాణా కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. మా బండికి 2027 జూన్ వరకు గడువుంది. అంటే రెండున్నరేళ్లు. అదే గడువు మూడు నెలల్లో ఉంటే ఫీజు, గ్రీన్ టాక్సు, తనిఖీకి ముందు చేయించే పెయింటు పని అన్నీ ఆ 6,900 పక్కన చేర్చి చూడాలి. అప్పుడు జవాబు మారవచ్చు.

చివరి మాట సరుకు గురించి. 18,000లో 6,900 తీస్తే సరుకుకు మిగిలేది 11,100. ఈ తగ్గిన సరుకు మీద రావలసిన లాభం మనకు పోతుంది. దానినే అవకాశ వ్యయం అంటారు. పండుగ సరుకు మీద అన్నయ్యకు రూపాయికి పావలా మిగులుతుంది కనుక అది సుమారు రూ. 1,725. క్లచ్ అసలు ఖరీదు 6,900 కాదు, 8,625 అన్నమాట. పుస్తకంలో ఈ పదం రెండు మార్కుల ప్రశ్నగా వస్తుంది. మా ఇంట్లో అది పిల్లల గౌన్లు, లుంగీలు. అయినా అద్దె బండి తేడా 8,900 కన్నా అది తక్కువే. మరొక వ్యాను సంగతి కూడా అడిగి చూశాము. సెకండ్ హ్యాండ్ ఈకో రూ. 2,60,000, ముందు 60,000 కట్టాలి, మిగతాది నెలకు రూ. 7,200 చొప్పున 36 నెలలు. రెండు లక్షలకు 2,59,200 కట్టాలి. బేరగాడు ఇచ్చే 48,000 ముందు కట్టే డబ్బుకే చాలదు.

నాన్న రాత్రి అంతా విని, "సరే, వేయించండి. కానీ వచ్చే ఏడు కూడా ఇలాగే విడదీసి నాకు చూపించాలి" అన్నాడు. ఆ షరతు మాకు నచ్చింది.

విప్పినప్పుడు మేమూ అక్కడే ఉన్నాము. ప్లేటు లైనింగు రివెట్ల తలల వరకు అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద వేడికి నీలి మచ్చలు పడ్డాయి. ఆయిల్ సీలు చుట్టూ తడి ఉంది, అయితే ప్లేటు వరకు ఇంకా రాలేదు. మొదటి మేస్త్రి చెప్పినట్టు ప్లేటు ఒక్కటే వేయించి ఉంటే ఆ తడి లోపలే ఉండిపోయేది. ఒక హెచ్చరిక. లోపలి నల్ల పొడిని గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవమని చెప్పండి. మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రవాడు మన ఎనిమిదో తరగతి తమ్ముళ్ల వయసువాడే ఉంటాడు, మనం చెప్పకపోతే వాడికి ఎవరూ చెప్పరు.

ఒక రోజు పని. మర్నాటి సంత పోలేదు. పండుగ ముందు సంతలన్నీ సొంత బండి మీదే జరిగాయి. కొత్త క్లచ్ కుదురుకునే వరకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపమన్నారు కనుక అన్నయ్య మొదటి రెండు సంతలకు రెండు మూటలు తగ్గించుకొని వెళ్లాడు.

పాత ప్లేటు, బేరింగు మేస్త్రి దగ్గర అడిగి తెచ్చుకున్నాము. వార్షికోత్సవం రోజున వాటిని, అన్నయ్య అనుమతితో ఆ లాంగ్ నోట్‌బుక్‌ను తెచ్చి డైనింగు హాల్లో చివరి బల్ల మీద ఉంచుతాము. ఎం.పి.సి. వారు రివెట్లు తడిమి చూడవచ్చు, సి.ఇ.సి. వారు 33,600ను తమకు తోచినట్టు విడదీసి చూడవచ్చు. ప్లేటు ముట్టుకున్నవారు భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.